లెక్కకు మించిన చేపలు

“మళ్ళీ ఇటే చూస్తున్నాడు” అంది ఆర్లీటా, ఐసుపెట్టె మూత దభీమని వేస్తూ.

మైరా తల తిప్పింది. కొలంబియా నది మీది వంతెన నీడలో, కొంచెం అవతలగా, డెల్బర్ట్ తన ట్రక్కు వెనక తలుపు దించుకుని కూర్చున్నాడు. ఆర్లీటా దగ్గర సాల్మన్ చేప కొన్న ముసలి దంపతులు కారు వైపు వెళుతుంటే ఆపి ఏదో అడిగాడు. వాళ్ళు నవ్వుతూ సంచీ తెరిచి చూపించారు.

“చూశావా? నా బేరాలు లాక్కుంటున్నాడు.”

“కొనేశాక ఇంక లాక్కునేదేముంది అత్తా?”

మైరాకు వాళ్ళ ఆదివాసీ తెగ నడిపే చేపల ఆఫీసులో కొత్త ఉద్యోగం. ఒడ్డున నేరుగా జనానికి అమ్మే ప్రతి చేపనూ లెక్క రాయించడం ఆమె పని.

“సరే, నిన్నటి లెక్క చెప్పు.”

“రెండు.”

“రెండేనా? పెట్టె నిండుగా కనిపించిందే!”

“ఇంట్లో తిన్నాం. రాసుకో.”

“రాయని చేప పట్టని చేప కిందే లెక్క అత్తా. నదిలో చేపల వాటాలు పంచే దగ్గర రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? ‘ఉన్న వాటాయే మీరు పట్టడం లేదు, ఇంకా ఎందుకు?’ అంటున్నారు. అందుకే మనవాళ్ళు రూలు పెట్టారు. తక్కువ రాసినట్టు తేలితే వసంతం దాకా నదిలో వల దించనివ్వరు.”

“మా నాన్న అన్నీ రాశాడే! ఒక్క చేప వదల్లేదు. ఆ కాగితాలే కోర్టులో చదివి, దొంగవేటని ఆయన్ని జైల్లో పెట్టారు. వలలు కూడా పట్టుకుపోయారు. నాకు చెప్పొచ్చావు. వెళ్ళి వాణ్ణడుగు.”

“డెల్బర్ట్ బాబాయినా? ఆయన అందరికంటే ఎక్కువ రాస్తున్నాడు.”

ఆర్లీటా చేతిలోని ఐసు గరిట ఆగిపోయింది.

డెల్బర్ట్ ఆమె చిన్నాన్న కొడుకు. భుజం దెబ్బతిన్నప్పటి నుంచీ ఒక్క వలతోనే నెట్టుకొస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా అతని పెట్టెలో ఐసు తప్ప ఏమీ మిగలదు. అలాంటివాడు అందరికంటే ఎక్కువ ఎలా రాస్తాడు?

ఆ రోజు నుంచి ఆమె బేరాల మీద కంటే అతని మీదే ఎక్కువ కన్నేసింది. తన దగ్గర్నుంచి ఒక కారు కదిలితే చాలు, డెల్బర్ట్ కళ్ళజోడు సర్దుకుని మోకాలి మీద ఏదో గీసుకునేవాడు. కార్ల నంబర్లా? రాష్ట్రం వాళ్ళకు అందిస్తున్నాడా? నాన్నను పట్టించింది కూడా మనవాడేనని అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది.

ఒకరోజు పట్టలేక అతని ట్రక్కు దగ్గరికి వెళ్ళింది.

“ఏం రాస్తున్నావురా?”

“వాతావరణం” అన్నాడు డెల్బర్ట్, కాగితం చొక్కా జేబులోకి తోసి.

“ఆకాశం వైపు చూడకుండానే?”

“మీద పడుతోందిగా ఎండ.” ఎండబెట్టిన సాల్మన్ ముక్క ఒకటి చేతికిచ్చాడు. “తిను. నాకంటే నీకే ఎక్కువ పళ్ళున్నాయి.”

ఆమె నవ్వలేదు, ముక్క తీసుకోలేదు.

ఆ వారంలోనే ఆమె అక్క పోయింది. అంత్యక్రియలకని ఆ ఊరు వెళ్ళి, తెగ ఆచారం ప్రకారం విందులూ, పోయినామె వస్తువుల పంపకాలూ అయ్యాక కొన్ని రోజులకు తిరిగొచ్చింది. వస్తూనే చేపల కమిటీకి ఫిర్యాదు చేసింది. డెల్బర్ట్ ఎక్కడివో దొంగ చేపలు తెచ్చి మన నదివని రాస్తున్నాడని.

కమిటీ పెద్ద వెర్నన్‌కు డెల్బర్ట్ అంటే ఇష్టమే. అయినా అడగక తప్పలేదు.

“రాసిన చేపలన్నీ నువ్వే పట్టావా?”

“లేదు.”

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

“అయితే దొంగ లెక్కన్నమాట.”

“లెక్క సరిగ్గానే ఉంది. అవన్నీ మన నదివే.”

“ఎవరు పట్టారు?”

డెల్బర్ట్ ఒళ్ళోని టోపీ అంచు సవరించుకుంటూ కూర్చున్నాడు. వెర్నన్ రెండోసారి అడిగాడు.

మైరా కాగితాలు తిరగేస్తూ గొణిగింది. “ఒక్కటే అంతు పట్టడం లేదు. మధ్యలో కొన్ని రోజులు చాలా తక్కువ రాశాడు. అత్త ఊళ్ళో లేని రోజులే.”

“భయం పట్టుకుని ఉంటుంది” అంది ఆర్లీటా.

“ఎక్కడివో చెప్పకపోతే వసంతం దాకా నువ్వు వల దించడానికి వీల్లేదు డెల్బర్ట్” అన్నాడు వెర్నన్. “ఆఖరిసారి అడుగుతున్నాను.”

డెల్బర్ట్ లేచి టోపీ పెట్టుకుని, అందరికీ తలవంచి వెళ్ళిపోయాడు.

ఆర్లీటా గెలిచింది. కానీ ఇంటి దాకా బండి నడపలేకపోయింది. నిఘా లేనప్పుడు దొంగ రెచ్చిపోవాలి. తను లేని రోజుల్లోనే వీడు తగ్గాడేమిటి? ఇందులో ఇంకెవడో ఉన్నాడు. ఆ ఎవడో వీడి మంచితనాన్ని వాడుకుంటున్నాడు.

బండి వెనక్కి తిప్పింది.

డెల్బర్ట్ పెరట్లో ఉన్నాడు. ఉన్న ఒక్క వలా దులిపి, మంచి చేత్తోనే మడత పెడుతున్నాడు.

“ఎవర్ని కాపాడుతున్నావురా?”

“వదిలెయ్ అక్కా. కాఫీ పెడతాను, కూర్చో.”

“కూర్చోను. చేపలు పట్టినవాడు హాయిగా వల వేసుకుంటాడు. నువ్వు చలికాలమంతా గోడలు చూస్తూ కూర్చుంటావా? వాడి పేరు చెప్పు. నేనే వెళ్ళి కాలర్ పట్టుకుని కమిటీ ముందుకు ఈడ్చుకొస్తాను.”

డెల్బర్ట్ వల కింద పెట్టాడు.

“అవన్నీ నువ్వు రాయించని నీ చేపలే, అక్కా.”