దూరం నుంచి వైద్యం

పక్కింటి గోవిందమ్మ చెన్నై వాషర్‌మెన్‌పేట్ వీధంతా చెప్పేసిందంట: "జనని ఒంటి మీది పొలుసులు అంటుజబ్బేనమ్మా! లేకుంటే డాక్టరు ఎదురుగా చూడకుండా, హైదరాబాదులో కూచోని కంప్యూటర్లో ఫొటోలెందుకు చూస్తాడు?"

ఆ మాట జనని మొగుడు భక్తవత్సలం చెవిలో జోరీగలా రొదపెడతానే ఉంది. అంత చదివిన డాక్టరే దూరంగా ఉంటే తనెంత? డాక్టరుకు ఫొటోలు పంపను వచ్చిన బ్రౌజింగ్ సెంటర్లో భార్యకు ఒక కుర్చీ ఎడంగా కూర్చున్నాడు.

స్పీకర్ ఫోన్లో డాక్టరు అన్నాడు: "ఫొటోలో ఎరుపు తగ్గింది గానీ మందం తెలియడం లేదు. ఆమె మోచేయి తాకి చెప్పండి. గట్టిగా ఉంటే మందు మార్చాలి."

"నేనా సార్? ఆమెనే చూసుకోమంటే..."

"ఆమె వేళ్ళకీ పొలుసులేగా, సరిగా తెలీదు. సోరియాసిస్ అంటుకోదని మీకెన్నిసార్లు చెప్పాలండీ?"

"సరి సార్, సరి."

భక్తవత్సలం జేబులోంచి కర్చీపు తీసి, నాలుగు మడతలు వేసి, దాన్ని ఆమె మోచేతికి అలా ఆనించి తీసేశాడు.

"మెత్తగానే ఉండాది సార్."

"చాలా సంతోషం. అయితే పాత మందే వాడండి."

జనని ఫోను దగ్గరికి వంగింది.

"సార్, ఆయన మీకు చెప్పింది కర్చీపు సంగతి. నన్ను తాకి మూడేళ్ళాయె."