ఆధారాల పట్టికలో ఒక పేరు

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు నోరీన్ అడిలైడ్‌లోని ప్రెస్‌కు ఫోన్ చేసి, పుస్తకంలోంచి తన మేనత్త పేరు తీసెయ్యమంది.

"ఎక్కణ్ణించి?" అన్నాడు బ్రెట్. అతను ఆ ఉద్యోగంలో చేరి నెలయింది.

"అన్నిచోట్ల నుంచీ. అట్ట మీద, హక్కుల పేజీలో, చివర ఆధారాల పట్టికలో. అట్ట మీది ఫొటో కూడా."

"మధ్యాహ్నం అచ్చుకు వెళ్లిపోతోందమ్మా!"

"తెలుసు. అందుకే ఇప్పుడు చేశాను."

నోరీన్ కళ్లు మండుతున్నాయి. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమట, ఒక ఆదివాసీ ఊరి భాషా కేంద్రంలో ఆమె ఎదురుగా టైపు చేసే అమ్మాయి కూర్చుని ఉంది. ఆ పిల్లకు ఆ మేనత్త పేరే పెట్టారు. మొన్నటిదాకా అందరూ ఆ పేరుతోనే పిలిచారు. ఇవాళ "అమ్మాయ్" అంటున్నారు. గోడ మీద ఆ పెద్దావిడ ఫొటో వెనక్కి తిప్పి ఉంది.

"ఏమీ అనుకోకండి," అన్నాడు బ్రెట్. "కిందటి వారం ఆవిడే ఫోన్ చేసి పేరు పెద్ద అక్షరాల్లో వెయ్యమన్నారు. ఇదివరకెవరో పరిశోధకుడు ఈ పుస్తకంలోని నీటిగుంటల కథలన్నీ ఆవిడ దగ్గర రాసుకుని, చివర 'ఒక స్థానిక స్త్రీ చెప్పగా' అని వేశాడట. హక్కు తన పేరున పెట్టుకున్నాడట. మళ్లీ అలా జరిగితే అడిలైడ్ వచ్చి నా చెవి మెలేస్తానన్నారు."

"మెలేసేదే," అంది నోరీన్.

"మరి ఆధారాల్లో ఏమని వెయ్యను? ఎవరు చెప్పారో లేకపోతే అది ఆధారమే కాదు."

"'ఈ ఊరి పెద్దావిడ చెప్పగా' అని వెయ్యి బాబూ."

"అతను వేసిందీ అదేగా! హక్కు ఎవరి పేరున?"

"మా కుటుంబం పేరున."

"అంటే మీ పేరునే."

నోరీన్ వెనక్కి తిప్పిన ఫొటో వైపు చూసింది.

"ఒక్కసారి ఆవిడకు ఫోన్ ఇవ్వండి. ఆవిడ నోటితో సరేనంటే ఇప్పుడే తీసేస్తా."

"ఇవ్వలేను."

"ఎందుకని?"

"ఇప్పుడు చెప్పకూడదు. ఆవిడ పెద్దకొడుకు గనిలో పని నుంచి బయల్దేరి దారిలో ఉన్నాడు. ముందు ఆయన రావాలి."

"అయితే ఆయన వచ్చి చెప్పేదాకా ఆ పేరు ముట్టుకోను. ఇలాంటి దొంగతనంలో నన్ను కలపకండి." ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడక్కా?" అంది అమ్మాయి.

"నన్ను దొంగనన్నాడు. టీ ఉందా?"

టీ చల్లారిపోయింది. నోరీన్ అదే తాగింది.

పదకొండు దాటాక బయట బండి ఆగింది. ఉదయం నుంచి నేల మీద కూర్చున్న ఆడవాళ్లు లేచి, దిగిన మనిషి చుట్టూ చేరారు. చాలాసేపటికి అతను లోపలికొచ్చాడు.

"ఇంక వాళ్లకు చెప్పొచ్చు నోరీన్," అన్నాడు.

"కూర్చో బావా," అని నోరీన్ ఫోన్ అందుకుంది.

"వచ్చారా? ఏమంటారు?" అన్నాడు బ్రెట్.

"తీసెయ్యమంటున్నాడు."

"సొంత తల్లి పేరా? కారణం ఏం చెప్పారు?"

"పోయినవాళ్ల పేరు మేం పలకం బాబూ, రాయం."