తెర వెనక చింతగింజ

"మా ఆంధ్రోళ్ళలో అలాంటోళ్ళు ఉండరు డాక్టరమ్మా. ఎందుకొచ్చిన సర్వే ఇది?"

గురునాథరావు గట్టిగానే అన్నాడు. ఆయన ఏదన్నా గట్టిగానే అంటాడు. స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లు మోతలో ముప్ఫై ఏళ్ళు అరిచి అరిచి ఆ గొంతు అలా తయారైంది. పైగా సెక్టర్ 7 తెలుగు సంఘానికి ఆయనే పెద్ద. వచ్చే ఏడు రిటైరవుతాడు.

డాక్టర్ ఛాయకి కోపం రాలేదు. రాయ్‌పూర్ నుంచి జీపులో వచ్చిన మనిషి. ఆ మాట ఊరూరా వింటూనే ఉంది.

"ఏటా కొత్తగా ఎంతమంది కుర్రాళ్ళకి హెచ్ఐవి అంటుకుంటోందో అంచనా వెయ్యాలి అంకుల్," అంది హిందీలో. "మగవాళ్ళతో కలిసే కుర్రాళ్ళు అసలు ఎంతమందో తెలియకపోతే ఆ అంచనాకి తలా తోకా ఉండదు. అడిగితేనేమో ఎవరూ చెప్పరు."

అందుకే ఆవిడ ఒక ఉపాయం పట్టుకొచ్చింది. సంఘం హాల్లో నాటకాల తెర ఒక మూలకి కట్టించింది. తెర వెనక మూతకి చిల్లు పెట్టిన రెండు స్టీలు డబ్బాలు. ఒకదాని మీద ‘ఉంది’, ఇంకోదాని మీద ‘లేదు’. మగవాడితో సంబంధం ఎప్పుడైనా ఉందా, లేదా? ఒక్కొక్కడూ ఒక చింతగింజ తీసుకుని లోపలికెళ్ళి, నిజం ఏ డబ్బాదో అందులో వేసి రావాలి. ఎవరిది ఎందులో పడిందో దేవుడికి కూడా తెలియదు. డబ్బాలు ఇక్కడ తెరవరు. రాయ్‌పూర్‌లో మిగతా ఊళ్ళ గింజలతో కలిపేస్తారు.

హాల్లో కూర్చున్న కుర్రాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక్కడూ లేవలేదు.

"ఏట్రా, గింజ ఎయ్యడానికి కూడా భయమేనా?" అని గురునాథరావే లేచాడు. "సూడండి, ఎలా ఎయ్యాలో నేను సూపిస్తాను."

"మీ వయసు మా లెక్కలోకి రాదంకుల్!" ఛాయ నవ్వింది.

హాలంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం గింజ పట్టుకుని దర్జాగా తెర వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి లోపల టంగుమంది. కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అంతే! ఏటుంది ఇందులో!"

దాంతో కుర్రాళ్ళకి ధైర్యమొచ్చింది. చినబాబు వెళ్ళాడు, మురళీధర్ వెళ్ళాడు, వరసగా అందరూ వెళ్ళొచ్చారు. ఆఖర్న సునీల్ లేచాడు. వినాయక చవితి నాటకాల్లో ఆడవేషం కట్టేది వీడే. అరచేతి చెమటకి గింజ తడిసిపోయింది. లోపలికి ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా వచ్చేశాడు.

డబ్బాలు జీపులో పెడతానని చినబాబు ముందుకొచ్చాడు. ‘లేదు’ డబ్బా ఎత్తితే గలగలలాడింది. ‘ఉంది’ డబ్బా ఎత్తాడు.

లోపల ఒకే ఒక్క గింజ దొర్లింది.

చినబాబు నమ్మలేనట్టు డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపాడు. ఛాయ ఒక్క అంగలో వచ్చి లాక్కుంది గానీ, అప్పటికే అందరూ విన్నారు.

"అరే యార్, మనలో ఒకడున్నాడ్రోయ్!"

"ఔర్ కౌన్? మన హీరోయినే!" అన్నాడు మురళీధర్.

చూపులన్నీ సునీల్ మీద పడ్డాయి. వాడు చెవుల దాకా ఎర్రబడిపోయి, సిగ్గుతో చచ్చిపోతూ నేలకేసి చూశాడు.

"అప్పలకొండ బాబాయి షిఫ్టు దిగీసరికి మిల్లు గేటు కాడే సెప్పేద్దాం. ఆయన కొడుకు సంగతి ఆయనకి తెలియొద్దా?" అన్నాడు చినబాబు.

సునీల్ తండ్రి అప్పలకొండ సంగతి అందరికీ తెలుసు. అలాంటి మాట చెవిన పడితే కొడుకుని ఆ రాత్రికి క్వార్టర్లో ఉండనిచ్చే మనిషి కాదు.

సునీల్ గురునాథరావు వైపు చూశాడు. పెద్దాయన ఒక్క మాట గట్టిగా అంటే చాలు, అందరూ ఊరుకుంటారు.

"ఇళ్ళకి పొండ్రా," అన్నాడాయన. ఎవరికీ వినిపించలేదు. రోలింగ్ మిల్లునే అణిచిన గొంతు, అవసరానికి పక్కవాడి దాకా కూడా రాలేదు.

సునీల్ బయటికి పరిగెత్తాడు. సైకిల్ తాళం తియ్యబోతే తాళంచెవి జారి కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి ఎదురుగా గురునాథరావు ఉన్నాడు.

"కొట్టకండి మావయ్యా."

"కొట్టడానికి రాలేదురా."

"ఆ గింజ నేనెయ్యలేదు. కసమ్ సే, ఒట్టు." వాడికి ఏడుపు ఆగలేదు. "ఎయ్యాల్సిందైతే నేనే మావయ్యా. సిగ్గేసి ‘లేదు’లో పడేశాను. తెర చాటున కూడా నిజం చెప్పలేకపోయాను. ఛీ, నా బతుకు!"

గురునాథరావు వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పద, మీ నాన్న కాడికి నేనూ వస్తాను. ఆ గింజ నీది కాదని నేనే సెప్తాను."

"ఊరికే చెప్తే ఆయన నమ్ముతాడా? అయినా అది నాది కాదని మీకెలా తెలుసు?"

గురునాథరావు ఒకసారి హాలు వైపు చూశాడు. వాకిట్లో ఎవరూ లేరు. అయినా తల దించుకునే చెప్పాడు.

"ఎలా ఎయ్యాలో సూపిస్తానని ముందుగాల తెర ఎనక్కెళ్ళింది నేనే కదరా."