సిలబస్‌లో లేని చేప

మడుగు పక్కన లకుముకి పిట్టల బడి ఉండేది. అందులో చిట్టిముక్కుదే ఎప్పుడూ ఫస్టు ర్యాంకు. "తల వంచాలి, రెక్కలు ముడవాలి, దూకాలి" అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేది. బడి అయిపోయిన మర్నాడే ఇంట్లో దానికి తిండి పెట్టడం మానేశారు. లకుముకి ఇళ్లల్లో అది ఆచారం.

చిట్టిముక్కు ఆకలితో కొమ్మ మీద కూర్చుంది. కింద నీళ్లలో ఒక చేప కుడివైపు నుంచి వచ్చింది. బళ్లో చెప్పిన చేప ఎడమవైపు నుంచి వచ్చేది. అందుకని చిట్టిముక్కు కదల్లేదు. మధ్యాహ్నానికి అలాంటివి పదకొండు చేపలు దర్జాగా వెళ్లిపోయాయి. చిట్టిముక్కుకి కళ్లు తిరగడం మొదలైంది.

నేరుగా వెళ్లి పంతులమ్మని నిలదీసింది.

"కుడివైపు చేప గురించి మీరు చెప్పనేలేదండీ! ఇప్పుడు నేనేం తినాలి?"

"చేపకి కూడా చెప్పలేదమ్మా" అంది పంతులమ్మ, ఈకలు దువ్వుకుంటూ.

"పోనీ ఇప్పుడైనా చెప్పండి."

"నాకు రాదు. పుట్టినప్పట్నుంచీ ఎడమవైపువే తింటున్నాను."

చిట్టిముక్కుకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే తిరిగొచ్చి మడుగులోకి దూకింది. మొదటిసారి ముక్కు నిండా బురద వచ్చింది. రెండోసారి నాచు వచ్చింది. తర్వాత మూడుసార్లు నీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఆరోసారి పైకి వచ్చినప్పుడు ముక్కున చేప గిలగిలా కొట్టుకుంటోంది. అది కుడివైపుదే.

మింగి తలెత్తేసరికి పక్క కొమ్మ మీద పంతులమ్మ కూర్చుని ఉంది.

"ఏదమ్మా, ఇంకోసారి దూకు" అంది. "కాస్త నెమ్మదిగా. నేను నోట్సు రాసుకోవాలి."