తగ్గితే మంచిదే కదా

“అక్కా, ఈ ఒక్కసారి రిపోర్టు మంచిగ రావాలె.”

“వస్తది. ఫికర్ చెయ్యకు,” అంది మానస.

అమీర్‌పేటలో ఒక ల్యాబ్. అక్కాచెల్లెళ్లిద్దరూ గోడవారగా కుర్చీల్లో కూర్చున్నారు. చెల్లెలు నవీనకు లూపస్ జబ్బని తెలిసి రెండేళ్లయింది. రిపోర్టు బాగా లేకపోతే డాక్టర్ స్టెరాయిడ్ మాత్రలు పెంచుతుంది. పెంచితే మొహం పూరీలా ఉబ్బుతుంది. కిందటిసారి అలా ఉబ్బినప్పుడే రిసెప్షనిస్టు ఉద్యోగం పోయింది. సోమవారం బేగంపేటలో మళ్లీ ఇంటర్వ్యూ ఉంది.

“నవీన ఎవరండీ?” లోపలి నుంచి పిలిచారు.

సూది గుచ్చడం, దూది పెట్టడం, చిన్న డబ్బాలో మూత్రం పట్టి ఇవ్వడం, అంతా కాసేపట్లో అయిపోయింది.

మర్నాడు పంజాగుట్టలో డాక్టర్ వసుమతి క్లినిక్‌కి తల్లి పోచమ్మ కూడా వచ్చింది. లిఫ్టు పనిచేయడం లేదు. నవీన చకచకా మెట్లెక్కేసింది. మానస సగంలో ఆగిపోయింది.

“మందులు మింగేది అది, ఆయాసం నీకానే?” పోచమ్మ నవ్వింది.

“దినమంత చీరల షాపుల నిలబడి చూడు, నీ కాళ్లు సుత గిట్లనే ఉబ్బుతయి.”

డాక్టర్ రిపోర్టు చూసింది. మళ్లీ చూసింది.

“సీ త్రీ, సీ ఫోర్ బాగా తగ్గిపోయాయి.”

పోచమ్మ చేతులు జోడించింది. “తగ్గినయా! సల్లగుండు తల్లీ. షుగర్ తగ్గినట్టే గదా?”

“కాదమ్మా. అవి ఒంటిని కాపాడే ప్రొటీన్లు. ఈ జబ్బులో సొంత ఒంటి మీదికే తిరగబడి ఖర్చయిపోతాయి. అవి ఎంత తగ్గితే లోపల దాడి అంత గట్టిగా జరుగుతున్నట్టు. కిడ్నీల దాకా వచ్చేసింది. ఇవాళే ఆస్పత్రిలో చేర్చండి. ఆలస్యం చేస్తే డయాలసిస్ దాకా పోతుంది.”

డాక్టర్ వంగి నవీన పాదాలు నొక్కి చూసింది. “విచిత్రంగా ఉందే, కిడ్నీలు దెబ్బతింటే కాళ్లు ఉబ్బాలి, కాస్తయినా వాపు లేదు.”

పోచమ్మ చిన్న కూతుర్ని వాటేసుకుని ఏడుపు మొదలుపెట్టింది. నవీన, తల్లి చేతులు మెల్లగా విడిపించుకుంది.

“డాక్టరమ్మా, ల్యాబ్‌ల నా పేరు పిలిస్తే లోపలికి పోయింది నేను కాదు, మా అక్క.”