తొమ్మిదుల మొక్కు

“అన్నిసార్లూ తొమ్మిదులే పంపావా అక్కా?” తాజిన్ గొంతు తగ్గించి అడిగింది.

అమ్మకానికి కాచిన మోహింగా చేపల పులుసు గిన్నెలో గరిటె వదిలేసి న్యో తలూపింది. పొద్దున్నే తెలియని నంబరు నుంచి వచ్చిన మెసేజ్ మళ్లీ చూసుకుంది. ‘మఠం మైకులో తొమ్మిదులు. క్రిప్టోలో తొమ్మిదులు. రెండూ నీవే. జాగ్రత్త.’

“ప్రతిసారీ కొత్త అడ్రసు వాడమన్నావు, వాడాను. పేరు కనపడదన్నావుగా!”

“పేరు కనపడదు తల్లీ, అంకె లోకమంతటికీ కనపడుతుంది! ఆ తొమ్మిదులు ఎవరివో ఈ పేటలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు.”

దానమంటే న్యోకి తొమ్మిదులే. బుద్ధుడి గుణాలు తొమ్మిది కదా. మఠానికి తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది బర్మా ఛాట్‌లు ఇస్తే మైకులో పేరూ అంకే చదువుతారు, పేటంతా ‘సాధు’ అని మెచ్చుకుంటుంది. సైన్యం మీద తిరగబడి అడవిలో తలదాచుకున్నవాళ్లకు బియ్యానికి క్రిప్టోలో రహస్యంగా పంపేటప్పుడు కూడా చెయ్యి ఆ అంకె మీదికే పోయింది. పంపినట్టు తేలితే జైలే.

“ముందా యాప్ తీసెయ్...”

తాజిన్ మాట పూర్తికాకుండానే పేట పెద్ద ఊ టిన్ ష్వే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. వీధిలో సైనికుల బండి ఆగింది. ఆయన వేలు చూపిస్తే ఆ ఇంటికి తాళం పడ్డట్టేనని అందరికీ హడల్.

“ఏం న్యో, చెమటలు పడుతున్నాయే?”

“పొయ్యి దగ్గర చలేస్తుందా బాబాయ్?”

“నోటికేం తక్కువ లేదు. ఫోనివ్వు.”

ఇవ్వక తప్పలేదు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తీరిగ్గా చూశాడు. ఆ యాప్ మీద వేలు ఆగిపోయింది.

“ఏముందందులో?” బండిలోంచి కేక వినిపించింది.

“ఏముంటుంది! రెండంకెల లాటరీ పిచ్చి. సంపాదనంతా దానికే తగలేస్తోంది!” అని పెద్దగా నవ్వి, ఫోన్ బల్ల మీద పడేసి ఆయన లేచాడు. సైనికులు కూడా నవ్వుకుంటూ బండి ముందుకు పోనిచ్చారు.

“ఊరికే వదల్లేదక్కా. సాయంత్రం లంచానికొస్తాడు చూడు,” అంది తాజిన్.

న్యోకీ అలాగే అనిపించింది. ఒకసారి ఇస్తే ఇక జన్మంతా ఇస్తూనే ఉండాలి. బయట ఆయన మోటారుసైకిల్ మీద కూర్చుని, తల వంచి తన ఫోన్లో ఏదో నొక్కి వెళ్లిపోయాడు. మరుక్షణం న్యో ఫోన్ మోగింది. పొద్దుటి నంబరే.

‘ఈసారి అంకె మార్చమ్మా, మావాడూ ఆ అన్నమే తింటున్నాడు.’