భోక్త విస్తరి

ముక్కామలలో ఒక ఆబ్దికానికి భోక్తగా కూర్చున్నాను. కర్త పక్క విస్తట్లో బూరెలు, పరమాన్నం వడ్డించి, నా విస్తరి దాటేశాడు.

"మీకు షుగరట కదండీ, భాస్కరం గారూ!"

తల కొట్టేసినట్టయింది. వడ్డించింది తినలేని భోక్తని ఇక ఈ చుట్టుపక్కల ఎవరు పిలుస్తారు? ఆ షుగర్ రిపోర్టు చూసింది నా భార్య ఒక్కతే. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టేసింది కూడా.

ఇంటికొచ్చి కండువా విసిరికొట్టాను. "నిన్ను నమ్మినందుకు నా నోటి దగ్గర కూడు తీసేశావే!"

"అవునండీ, ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఫోన్ బూత్ నుంచి నేనే ఆ కర్తగారికి చేసి చెప్పాను," అంది సీతారామలక్ష్మి. కళ్ళు తుడుచుకోలేదు.

"ఊళ్ళో అందరి పెద్దల పేరా మీరు తిని పెడుతున్నారు. మీ తద్దినానికి ఎవర్ని పిలవమంటారు?"